పరుల ధనము - దారిద్ర్య పరిశోధనము



నేటి నా ప్రసంగ విషయమును వినగానే మీలో కొందఱికి ఆశ్చర్యము కలుగవచ్చును. విశ్వవిద్యాలయములలో అసమానతను గూర్చియు, మానవాభివృద్ధిని గూర్చియు జరుగు పరిశోధనములకు బయటివారు ఇచ్చు ధనమునకును, జీవితమంతయు శబ్దమంజరిని బాలవ్యాకరణమును చెప్పుకొని బ్రతికిన ఒక విశ్రాంత తెలుగు పండితునకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. సంబంధము కలదు. నేను పరుల ధనముతో, ఇంకను సరిగా చెప్పవలెనన్న పరుల అన్నముతో, చదువుకొన్నవాడను.

బాల్యమున నేను సంస్కృత పాఠశాలలో వారములు చేసికొని చదివితిని. వారమునకు ఏడు దినములు, ఏడు ఇండ్లు. ఏ దినమున ఏ ఇంటికి పోవలయునో గురువుగారే నిర్ణయించెడివారు. సోమవారపు ఇంట ఒక వృద్ధురాలు వడ్డించెడిది. ఆమె నన్నొక్కటే ప్రశ్న అడిగెడిది: “కడుపు నిండినదా, నాయనా?” గురువారపు ఇంటి యజమానికి అమరకోశముపై మక్కువ యెక్కువ. భోజనమునకు ముందు నాచేత శ్లోకములు చదివించి తల యూచెడివాడు. ఆయన నన్నెన్నడును ఇది చదువుము, అది మానుమని ఆజ్ఞాపింపలేదు. అయినను బుధవారము రాత్రి నేను దీపము ముందఱ అమరమునే వల్లించెడివాడను. ఏడాది గడచునప్పటికి నాకు అమరము కంఠస్థమైనది, వ్యాకరణము వెనుకబడినది. గురువుగారు పరీక్షించి, “ఒరే, నీకు చదువు చెప్పుచున్నది నేనా, గురువారపు ఇంటివారా?” అని యడిగిరి. ఆ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము.

ముందుగా మాటల అర్థమును చెప్పుకొందము. దారిద్ర్యము వేఱు, అసమానత వేఱు. ఒకనికి తిండి చాలకుండుట దారిద్ర్యము. ఒకనికి ఉన్నదానికిని మఱియొకనికి ఉన్నదానికిని గల యెడము అసమానత. ఊరిలో ఎవ్వరును ఆకలితో లేకపోయినను అసమానత యుండవచ్చును. ఇక మానవాభివృద్ధి యనగా దేశపు ఆదాయము పెరుగుటయే కాదు. మనుష్యుడు దీర్ఘకాలము ఆరోగ్యముగా జీవించుట, విద్య గడించుట, గౌరవముగా బ్రతుకుటకు తగిన వనరులు కలిగియుండుట. ఈ భావమును లోకమున ప్రచారము చేసినవారిలో పాకిస్థాను అర్థశాస్త్రజ్ఞుడు మహబూబుల్ హక్ గారును, మన అమర్త్యసేన్ గారును ముఖ్యులు. హక్ గారి ఆధ్వర్యవమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 1990లో మొదటి మానవాభివృద్ధి నివేదికను ప్రకటించెను. నాటినుండి దేశములను వాని ధనమునుబట్టి మాత్రమే గాక, వాని ప్రజల ఆయువునుబట్టి, చదువునుబట్టి కూడ వరుసలో నిలుపుట వాడుకలోనికి వచ్చినది.

ఇట్టి విషయములను తెలిసికొనుటకు ధనమెందులకు? పండితుడు కూర్చుండి ఆలోచించిన చాలదా? చాలదు. ఒక ఊరిలో ఎందఱు పిల్లలు వయస్సునకు తగిన యెత్తు లేక యున్నారో ఆలోచనచేత తెలియదు. ఇంటింటికి పోవలెను, కొలవలెను, తూచవలెను, అడుగవలెను, వ్రాసికొనవలెను, కొంతకాలమునకు మరల పోవలెను. తిరుగువారికి జీతములు, బండిచార్జీలు, భోజనములు కావలెను. వ్రాసికొని వచ్చినదానిని పరిష్కరించి లెక్కకట్టువారు కావలెను. క్రొత్త మందును కనుగొనినచో దానిని అమ్మి సొమ్ము చేసికొనవచ్చును గనుక వర్తకుడు దానికి పెట్టుబడి పెట్టును. పేదవాని ఆకలిని కొలిచినచో అమ్ముకొనుటకు ఏమియు లేదు. పేదవాడు తన్ను గూర్చిన పరిశోధనమునకు తాను వెల యీయజాలడు. విశ్వవిద్యాలయమునకు వచ్చు విద్యార్థుల రుసుములును, ప్రభుత్వపు గ్రాంటును ఉపాధ్యాయుల జీతములకే సరిపోవును. కాబట్టి ఈ శాస్త్రము పుట్టినది మొదలు నేటివఱకు బయటి ధనముపై ఆధారపడియే నడచుచున్నది.

ఆ ధనము వచ్చు మార్గములు ముఖ్యముగా మూడు. మొదటిది శాశ్వత నిధి. దాత ఒక పెద్దమొత్తము నిచ్చును. దానిపై వచ్చు వడ్డీతో ఆచార్యపీఠమో పరిశోధనశాలయో నడచును. ఇది మన పూర్వులు దేవాలయమునకు మాన్యము వ్రాసినట్టిది. రెండవది కొన్ని సంవత్సరములకు మాత్రమే ఇచ్చు గ్రాంటు. పరిశోధకుడు తన ప్రశ్నను, పద్ధతిని, ఖర్చును వ్రాసి దరఖాస్తు పెట్టును. ఇతర పండితులు దానిని పరీక్షింతురు. నచ్చినచో ధనము లభించును. మూడవది కంట్రాక్టు. ఇందు ప్రశ్నను ధనమిచ్చువాడే వేయును. విశ్వవిద్యాలయము జవాబు తెచ్చి యిచ్చును. మొదటిదానియందు స్వాతంత్ర్యము మిక్కిలి హెచ్చు, మూడవదానియందు మిక్కిలి తక్కువ. నేటి కాలమున మొదటిది అరుదు. తక్కిన రెండే విస్తారము.

ఇప్పుడు మీకొక కథ చెప్పెదను. ఇది కల్పితము కాదు. బొంబాయిలో జంషెట్జీ టాటా గారికి ఇద్దఱు కుమారులు. చిన్నవారు సర్ రతన్ టాటా. వీరు 1871లో జన్మించి 1918లో గతించిరి. 2024లో కీర్తిశేషులైన రతన్ టాటా గారు వేఱు. వారు ఆ కుటుంబమున తరువాతి తరమువారు. ఈ సర్ రతన్ టాటా గారు దక్షిణాఫ్రికాలో గాంధీగారు సాగించుచుండిన సత్యాగ్రహమునకు ధనము పంపినవారు. పాటలీపుత్రపు త్రవ్వకములకు వ్యయము భరించినవారు. అట్టివారు 1912లో లండను విశ్వవిద్యాలయమునకు ఒక కోరిక తెలిపిరి: దారిద్ర్యమునకు కారణములేవి, దానిని నివారించు మార్గములేవి అని శాస్త్రీయముగా పరిశోధించినచో, తాము సంవత్సరమునకు 1,400 పౌనుల చొప్పున మూడేండ్లు ఇత్తుమనిరి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ అను విద్యాలయము ఆ భారమును స్వీకరించెను. ఆ శాఖకు రతన్ టాటా ఫౌండేషన్ అని పేరు పెట్టిరి. పరతంత్రమైయున్న దేశములోని యొక వర్తకుడు, ఏలుచున్న దేశపు రాజధానిలో పేదల సంగతి విచారింపుడని ధనమిచ్చెను. మనము సాధారణముగా వినునది దీనికి విపర్యయము గదా!

ఆ శాఖకు అధ్యక్షుడుగా రిచర్డ్ హెన్రీ టానీ అను పండితుని నియమించిరి. ఆయన పనివాండ్రకు రాత్రితరగతులలో చరిత్ర చెప్పినవాడు. 1913లో ఆయన చేసిన ప్రారంభోపన్యాసమున ఒక ముఖ్యమైన మాట యున్నది. దాని తాత్పర్యమేమనగా, దారిద్ర్యమును పేదవాని దోషముగా భావించి అతనిని మాత్రమే పరీక్షించుట చాలదు; పరిశ్రమలు నడచు తీరును, కూలి నిర్ణయమగు తీరును, సంపద పంపకమగు తీరును కూడ విచారింపవలెను. పేదఱికమను ప్రశ్న త్రవ్విన కొలది సంపదను గూర్చిన ప్రశ్నగా మాఱును. ధనవంతుడిచ్చిన ధనముతో ఏర్పడిన పీఠముపై నిలుచుండి ధనమును గూర్చియే ప్రశ్నించుట చూడుడు! అందుకు దాత అడ్డు చెప్పలేదు. గ్రాంటును మరల పొడిగించెను కూడ.

టానీగారు మొదట ఇనుప గొలుసులు చేయు పరిశ్రమను పరిశీలించిరి. ఇంగ్లండు నడిమి భాగమున క్రాడ్లీ హీత్ అను చోట స్త్రీలు తమ ఇండ్ల పెరళ్లలోని చిన్న కొలిముల యొద్ద గొలుసులు కొట్టి, అత్యల్పమైన కూలి పుచ్చుకొనుచుండిరి. 1909లో చేసిన చట్టము ననుసరించి కనీసపు కూలి నిర్ణయించిరి. యజమానులు వెంటనే ఒప్పుకొనలేదు. 1910లో ఆ స్త్రీలు పని మాని పోరాడి దానిని సాధించిరి. కనీసపు కూలి పెట్టినచో పరిశ్రమ నశించును, ఉన్న పనియు పోవునని ఆనాడు పెద్దలు పలువురు భయపెట్టిరి. టానీగారు అచ్చటికి పోయి విచారించి, ఆ భయము నిజము కాలేదని 1914లో గ్రంథమున ప్రకటించిరి. ఊహాపోహలకు బదులు కన్నులారా చూచిన లెక్క వచ్చినది.

ఆ ధనముతోనే బౌలీ, బర్నెట్-హర్స్ట్ అను నిరువురు రెడింగ్, నార్తాంప్టన్, వారింగ్టన్, స్టాన్లీ అను నాలుగు పట్టణములలో పేదల స్థితిని పరిశీలించి 1915లో గ్రంథము ప్రకటించిరి. వారు ప్రతి ఇంటికిని పోలేదు. పట్టణములోని ఇండ్ల జాబితా నుండి ఏదో యొక క్రమమున కొన్నింటిని మాత్రము ఎంచికొని, వానినిబట్టి పట్టణమంతటి సంగతి లెక్కించిరి. అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు రెండు మెతుకులు పట్టిచూచుట మన ఇల్లాండ్రకు తెలిసిన విద్యయే. అయితే ఏ మెతుకు పట్టవలెనో నియమమేర్పఱచి దానిని శాస్త్రముగా చేసినది వారు. వారు కనుగొన్నదేమి? పేదఱికమునకు సోమరితనము ముఖ్యకారణము కాదు. దినదినమును పనికి పోవుచున్నవాని ఇంటనే, కూలి తక్కువగుటచేత, పేదఱికము కాపురముండెను.

కథ ఇంతటితో ముగియలేదు. ఆ బర్నెట్-హర్స్ట్ గారే తరువాత మన దేశమునకు వచ్చి, ప్రయాగ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రోపాధ్యాయుడై, బొంబాయి కూలివాండ్ర బ్రతుకులను, వారి నివాసములను పరిశోధించి 1925లో ఒక గ్రంథము ప్రకటించిరి. టాటా వారి సంపదలో కొంత బట్టలమిల్లుల నుండి వచ్చినదే గదా. మిల్లులనుండి పోయిన ధనము లండనులో ప్రశ్నయై, ఆ ప్రశ్న నేర్చినవాడు తిరిగి బొంబాయి మిల్లుకూలీల గుడిసెల ముందఱకే వచ్చి నిలిచెను. మంచి ప్రశ్నకు యజమాని యుండడు. ఒకసారి పుట్టిన తరువాత అది దాత ఇంటి గడపను కూడ దాటి లోపలికి రాగలదు.

ఇక మన కాలమునకు, మన నేలకు వత్తము. 2001లో కొందఱు పరిశోధకులు యంగ్ లైవ్స్ అను పేరున ఒక గొప్ప పరిశోధనమును ప్రారంభించిరి. బాల్యమున పేదఱికము అనుభవించిన బిడ్డ పెద్దవాడగునప్పటికి ఏమగును అనునది వారి ప్రశ్న. ఇథియోపియా, భారతదేశము, పెరూ, వియత్నాము అను నాలుగు దేశములలో సుమారు 12,000 మంది పిల్లలను ఎన్నుకొని, వారిని ఏండ్ల తరబడి వెంబడించి చూచుట వారి పద్ధతి. మన దేశమున ఇందులకు ఎంచుకొన్నది నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము. శ్రీకాకుళము, పశ్చిమగోదావరి, అనంతపురము, కడప, కరీంనగరము, మహబూబ్‌నగరము జిల్లాలలోను, హైదరాబాదు నగరములోను సుమారు 3,000 మంది తెలుగునాటి పిల్లలు ఇందు చేరిరి. వారిలో 2,000 మంది ఆనాటికి ఏడాది ప్రాయము శిశువులు, తక్కినవారు ఎనిమిదేండ్లవారు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ వారు ఇచ్చట భాగస్వాములైరి. ధనము చాలవఱకు బ్రిటిషు ప్రభుత్వపు అంతర్జాతీయాభివృద్ధి శాఖ యిచ్చెను.

2002లోను, 2006, 2009, 2013, 2016 సంవత్సరములలోను ఆ పిల్లల ఇండ్లకు పోయి, ఎత్తు కొలిచి, బరువు తూచి, చదువును పరీక్షించి, తలిదండ్రుల యోగక్షేమములు అడిగి వ్రాసికొనిరి. 2020లో మహమ్మారి వచ్చి ఇండ్లకు పోవుట అసాధ్యమైనప్పుడు టెలిఫోనులో విచారించిరి. నడుమ 2014లో రాష్ట్రము రెండైనను ఈ పిల్లల లెక్క తెగలేదు. నాటి శిశువులు నేడు ఇరువది దాటిన యువతీయువకులు. కొందఱు తామే తలిదండ్రులైరి.

ఈ శ్రమవలన తెలిసినదానిలో ఒక్క సంగతి మాత్రము చెప్పెదను. అది నేను కన్నులారా చూచినదానికి సంబంధించినది. 2001 నవంబరులో సుప్రీముకోర్టు పాఠశాలలలో పిల్లలకు వండిన భోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించెను. మన రాష్ట్రమున అది 2003లో అమలులోనికి వచ్చినది. ఆ యేండ్లు కఱవు యేండ్లు. మా ఉన్నత పాఠశాల ప్రక్కనున్న ప్రాథమిక పాఠశాలలో పొయ్యి రాజుకొనగానే పిల్లల చూపులు పలకపైనుండి పొగవైపునకు మఱలుట నేను కిటికీలోనుండి చూచెడివాడను. ఉపాధ్యాయులలో కొందఱు, “ఇది బడియా, సత్రమా?” అని గొణిగిరి. నేనును లోలోపల అట్లే యనుకొంటిని, దాచుకొనుటయెందుకు? తరువాత 2014లో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అను మువ్వురు పండితులు, పైన చెప్పిన మన తెలుగు పిల్లల లెక్కలనే ఆధారముగా గొని ఒక వ్యాసము ప్రకటించిరి. కఱవు వలన శుష్కించిన చిన్నబిడ్డలు ఈ బడి భోజనమువలన కోలుకొనిరని వారు నిరూపించిరి. కిటికీలోనుండి చూచిన నాకు పొగ మాత్రమే కనబడినది. ఏండ్ల తరబడి కొలిచినవారికి బిడ్డ కనబడినది. పరుల ధనము లేకున్నచో ఆ కొలత లేదు. ఆ కొలత లేకున్నచో నా గొణుగుడే ప్రమాణముగా నిలిచియుండెడిది.

మేలు చెప్పితిని. ఇక కీడు చెప్పకున్నచో ధర్మము కాదు. బయటి ధనమున నాలుగు అపాయములు కలవు.

మొదటిది గురువారపు ఇంటి అపాయము. దాత ఏమియు ఆజ్ఞాపింపకపోయినను, అతనికి ఏది ప్రీతియో దానివైపు పరిశోధకుని మనస్సు తనంతట తానే ఒరుగును. దాతకు పేదవాని అలవాట్లు ఇష్టమైన విషయమైనచో పరిశోధనములన్నియు పేదవాని అలవాట్లపైననే జరుగును. భూమి ఎవరి చేతనున్నది, కూలి ఎవరు నిర్ణయించుచున్నారు అను ప్రశ్నలు నా వ్యాకరణమువలె వెనుకబడిపోవును. వ్రాసిన జవాబులో అసత్యముండదు. అడుగని ప్రశ్నలోనే లోపముండును.

రెండవది కృతజ్ఞతవలని అపాయము. దీనిని నా అనుభవమునుండియే చెప్పవలెను. ఉద్యోగవిరమణకు కొన్ని యేండ్ల ముందు మా ఊరి కూలివారి పిల్లలకు సాయంకాలపు పాఠములు చెప్పుటకు ఒక ధర్మసంస్థ కొంత సొమ్ము ఇచ్చినది. దాని పేరుతో పనిలేదు, వారు మంచివారు. మొదట చేరిన పిల్లలు 32 మంది. సంవత్సరాంతమునకు మిగిలినవారు 19 మంది. ఆ 19 మందియు పరీక్షలో ఉత్తీర్ణులైరి. సంస్థవారు పంపిన కాగితములో “పరీక్షకు పోయినవారెందఱు? ఉత్తీర్ణులైనవారెందఱు?” అని రెండే గడులుండెను. నేను 19, 19 అని వ్రాసి పంపితిని. వారు సంతసించి ఒక సభ చేసి నాకు శాలువ కప్పిరి.

మిగిలిన 13 మంది ఏమైరి? మిరపకోతలకును, ఇటుకబట్టీల పనికిని తలిదండ్రులు వలసపోవగా పదిమంది వారి వెంట పోయిరి. ఇద్దఱు పసిబిడ్డలను ఎత్తుకొనుటకు ఇంట నిలిచిరి. ఒక బాలికకు వివాహము చేసిరి. ఇది నాకు తెలియును. కాగితమున గడి లేదు గనుక వ్రాయలేదని నాకు నేను చెప్పుకొంటిని. కాని గడి లేకపోవుట నిజమైన కారణము కాదు. ఇచ్చినవారికి అప్రియము చెప్పుటకు నోరు రాలేదు. ఎవ్వరును నన్ను అబద్ధమాడుమనలేదు. నేను అబద్ధమాడనులేదు. అయినను ఆ కాగితము అబద్ధము. దాని ఫలమేమనగా, మఱుసటి సంవత్సరము కూడ వారు పుస్తకములకును, దీపములకునే సొమ్ము పంపిరి. నిజము వ్రాసియున్నచో, తలిదండ్రులు వలసపోయిన నెలలలో పిల్లలకు ఊరిలోనే తిండియు నీడయు కల్పించుట మేలని వారికి తోచియుండునేమో. నా శాలువ ఖరీదు ఆ పదమూడుగురు పిల్లలు చెల్లించిరి.

అందువలననే, ఒకసారి లెక్కకెక్కిన బిడ్డను, ఊరు విడిచి పోయినను, వెదకికొని పోయి కొలుచు పద్ధతిపై నాకంత గౌరవము. మిగిలినవారిని లెక్కించుట సులభము. వెళ్లిపోయినవారిని లెక్కించుటయే శాస్త్రము.

మూడవది కీర్తిని కొనుగోలు చేయు అపాయము. దాత అపకీర్తిపాలైనవాడైనచో, విద్యాలయపు మంచిపేరును మైల కడుగుకొను నీరుగా వాడుకొనజూచును. ముందు నేను పొగడిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనే ఇది జరిగినది. లిబియా దేశపు నియంత గడాఫీ కుమారుడు సైఫ్ అచ్చట 2008లో డాక్టరు పట్టము పొందెను. 2009లో అతని అధ్యక్షతనున్న సంస్థ ఆ విద్యాలయమున ఉత్తరాఫ్రికాను గూర్చిన కార్యక్రమమునకు 15 లక్షల పౌనులు ఇత్తుమనెను. అందులో 3 లక్షలు చేరెను. 2011లో ఆ తండ్రికొడుకులు తమ ప్రజలపైననే ఆయుధములెత్తగా లోకమంతయు విద్యాలయమును నిందించినది. దాని అధ్యక్షుడు హవర్డ్ డేవీస్ 2011 మార్చిలో పదవి వదలుకొనెను. వుల్ఫ్ ప్రభువు విచారణ జరిపి అదే సంవత్సరము నవంబరులో నివేదిక నిచ్చెను. దానము స్వీకరించుటకు ముందు ధనమెచ్చటినుండి వచ్చినదో పరీక్షించు కట్టుబాట్లు చాలలేదని అందు తేల్చిరి. ఒకే ఇంటికి 1912లో ఒక దానమును, 2009లో మఱియొక దానమును వచ్చినవి. మొదటిది ఆ ఇంటికి గౌరవము తెచ్చినది. రెండవది ఉన్న గౌరవమునకు నష్టము తెచ్చినది.

నాలుగవది కాలమునకు సంబంధించిన అపాయము. బిడ్డ పెరుగుటకు ఇరువదేండ్లు పట్టును. గ్రాంటు మూడేండ్లకో అయిదేండ్లకో ముగియును. బ్రిటిషు ప్రభుత్వమున ఆ అంతర్జాతీయాభివృద్ధి శాఖయే 2020లో విదేశాంగశాఖలో కలిసిపోయినది. 2021లో ఆ దేశము విదేశసహాయమును తన జాతీయాదాయములో నూటికి 0.7 నుండి 0.5 పాలునకు తగ్గించినది. అప్పుడు అనేక విశ్వవిద్యాలయముల పరిశోధనములు నడుమదారిలో ధనము తగ్గి ఇక్కట్లు పడినవి. ఇరువదేండ్లు కొలిచి ఇరువది యొకటవ యేట మానినచో, ముందు చేసినదంతయు కొంత వ్యర్థమగును. చెఱువునకు కట్ట అంతయు వేసి ఒక్క బారెడు విడిచినట్లు.

దీనితో చేరిన మఱియొక చిక్కు కలదు. పరిశోధకుని జీతము గ్రాంటులోనుండి వచ్చును. కాని అతడు కూర్చుండు గదికి, గ్రంథాలయమునకు, లెక్కలు వ్రాయు గుమాస్తాకు ఎవరిత్తురు? బ్రిటనులో 2005 నుండి ఒక్కొక్క పరిశోధనపు పూర్తి వ్యయమును లెక్కగట్టు పద్ధతి యేర్పడినది. అచ్చటి ప్రభుత్వ పరిశోధనమండలులు సాధారణముగా అందులో నూటికి 80 పాళ్లిచ్చును. తక్కిన 20 విద్యాలయమే భరింపవలెను. ధర్మసంస్థలు ఇంకను తక్కువ యిచ్చుట కలదు. కాబట్టి దానము వచ్చిన కొలది విద్యాలయమునకు లాభమే యని తలచుట పొరబాటు. పెండ్లికి కట్నముగా ఏనుగు నిచ్చినట్లు, దానిని మేపు భారము పుచ్చుకొన్నవానిదే.

మఱి ఈ అపాయములకు భయపడి బయటి ధనమును త్రోసివేయవలెనా? అట్లు చేసినచో పేదలను గూర్చి తెలిసినదంతయు కిటికీలోని పొగయే యగును. దానము మానుట కాదు; కట్టుబాటు కావలెను. నాకు తోచినవి, లోకమున మంచి విద్యాలయములు పాటించునవి, అయిదు చెప్పెదను. ఒకటి: ధనమెవ్వరిచ్చిరో ప్రతి గ్రంథమునను బహిరంగముగా చెప్పవలెను. రెండు: ఫలితము దాతకు ప్రియమైనను అప్రియమైనను ప్రకటించు హక్కు పరిశోధకునిదని ముందే ఒడంబడిక వ్రాసికొనవలెను. మూడు: లెక్కలను పేళ్లు, ఊళ్లు తొలగించి అందఱికిని అందుబాటున నుంచవలెను. యంగ్ లైవ్స్ వారు తమ లెక్కలను అట్లే బ్రిటనులోని సమాచార భాండాగారమున నుంచిరి. కావుననే ఒకరు చెప్పినదానిని మఱియొకరు సరిచూడగలరు. నాలుగు: ధనము ఎచ్చటినుండి వచ్చినదో, పుచ్చుకొనుటకు ముందే, ఆ ధనమువలన లాభపడనివారు పరీక్షింపవలెను. మన దేశమున విదేశధనమును గూర్చి 1976లో ఒక చట్టమును, దాని స్థానమున 2010లో మఱియొక చట్టమును చేసిరి. అవి రాజ్యము చేయు పరీక్షలు. విద్యాలయము తన మనస్సాక్షితో చేయు పరీక్ష వేఱు. చట్టము దానికి బదులు కాజాలదు. అయిదు: ఒక్క దాతపైననే ఆధారపడరాదు. మా గురువుగారు నాకు ఏడు ఇండ్లు ఏర్పఱచుటలోని మర్మమిదియే. ఒక ఇంట అన్నము మానివేసినను ఆఱు దినములు గడచును. ఒక ఇంటివారి యభిరుచికి చదువంతయు లొంగదు. నేను లొంగితినన్నచో అది నా దోషము.

వీనికన్న ముఖ్యమైనది మఱియొకటి చెప్పి ముగించెదను. ఈ వ్యవహారమున దాతయు, పండితుడును గాక మూడవ వాడొకడు కలడు. అతడు ప్రశ్నకు జవాబు చెప్పినవాడు. పొలమునుండి అలసివచ్చిన తల్లి, తన బిడ్డ నిన్న ఏమి తిన్నదని అడిగిన అపరిచితునకు, సిగ్గు దిగమ్రింగుకొని నిజము చెప్పినది. ఆమె యిచ్చినది కూడ దానమే. దాత తనకున్న దానిలో కొంత యిచ్చెను. ఆమె తనకు లేనిదానిని గూర్చిన నిజమునిచ్చినది. ఆ నిజమును దాచుటగాని, దాతకు నచ్చునట్లు మెఱుగుపెట్టుటగాని ఆమెకు చేసిన ద్రోహము. దాతకు కృతజ్ఞత చూపుట పరిశోధకుని మర్యాద. ఆమె మాటను ఉన్నదున్నట్లు లోకమునకు అందించుట అతని ఋణము. ఋణము తీర్చిన తరువాతనే మర్యాద.

గురువుగారు నన్నడిగిన ప్రశ్నకు ఆనాడు నేను తలవంచుకొని నిలుచుంటిని. నేడు జవాబు చెప్పగలను. అన్నము గురువారపు ఇంటివారిది కావచ్చును. చదువు గురువుది కావలెను. ఫలము ఊరందఱిది కావలెను. నా కాగితమున చోటు దొరకని ఆ పదమూడుగురు పిల్లలను ఈనాడు మీ ముందు లెక్కించితిని. ఆలస్యమైనది, అయినను లెక్కించితిని.